చెరువు గట్టున చిన్నపిల్లలతో ఒక రాత్రి

మండవల్లి చుట్టుపక్కల టెంట్ వేయడానికి పొడి నేల దొరకడమే కష్టం. గుడివాడ నుంచి ముదినేపల్లి దాటి కైకలూరు వైపు వస్తుంటే రోడ్డుకి ఇటు చెరువు, అటు చెరువు, మధ్యలో కాలవ. చెరువు లేనిచోట వరిచేను, చేను లేనిచోట ఇల్లు. కారు కిటికీలోంచి చూసే పిల్లలెవరైనా "ఇదేనా కొల్లేరు?" అని అడుగుతారు. కాదు. ఇవన్నీ చేపల చెరువులు. కొల్లేరు ఇంకా పల్లంలో, ఉత్తరం వైపు ఉంటుంది.

క్యాంపింగ్ అనగానే మన ఫోన్లలో కనిపించేవి వంజంగి మబ్బులు, లంబసింగి చలి, గండికోట లోయ. బాగుంటాయి, కాదనను. కానీ నాలుగేళ్ల పిల్లని ఎత్తుకుని తెల్లవారుజామున కొండెక్కడం, లోయ అంచున ఏడేళ్లవాడి చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో రీల్స్‌లో ఎవరూ చూపించరు. మా అక్క అదే అంది. "ఒరేయ్, పిల్లలకి కావాల్సింది వ్యూ పాయింట్ కాదురా. బయట పడుకోవడం. అంతే."

ఆలోచిస్తే నిజమే. పిల్లలకి టెంట్ ఎందుకు నచ్చుతుంది? ఇంటికి బయట ఇల్లు కాబట్టి. చీకట్లో టార్చి వేసుకోవచ్చు, మట్టిలో కూర్చుని తినొచ్చు, పెద్దవాళ్లందరూ ఒకేచోట దొరుకుతారు. ఇవి కొండ మీదే దొరకాలని లేదు. మా పెద్దమ్మగారి ఊరు మండవల్లి దగ్గరే. అన్నయ్య చేపల చెరువు లీజుకి చేస్తాడు. కాబట్టి డిసెంబర్ సెలవుల్లో మా క్యాంపింగ్ అక్కడే అని తేలిపోయింది.

సరస్సులో మాత్రం కుదరదు

మొదట అందరికీ వచ్చే ఐడియా ఒకటే: ఏకంగా కొల్లేరులోకి పోయి, నీళ్ల పక్కన టెంట్ వేసేద్దాం అని. అది చేయకూడదు. కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్ల మేర, అంటే ఐదో కాంటూరు లోపల ఉన్న భాగాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో కూడా చేరింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లి మకాం వేయడం కుదరదు. నిప్పు రాజేయడం, పాటలు పెట్టడం అసలే కుదరదు. పక్షులు గుడ్లు పొదిగే కాలం కూడా మన సెలవుల కాలమే మరి.

కాంటూరు అంటే ఏంటో పిల్లలకి చెప్పడానికి మా అన్నయ్య ఒక పళ్లెం తెచ్చాడు. అందులో కొంచెం నీళ్లు పోశాడు. "ఇది కృష్ణ తెచ్చిన మట్టి, అది గోదారి తెచ్చిన మట్టి. రెండిటి మధ్య మిగిలిన పల్లమే కొల్లేరు. నీళ్లు ఎంత ఎత్తుకి వస్తే అంత దూరం పరుచుకుంటాయి. ఆ ఎత్తుకి గీసిన గీతే కాంటూరు." బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు కొల్లేరులోకి నీళ్లు తెస్తాయి. బయటికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణించి సముద్రంలో కలుస్తుంది. లోపలికి చాలా దారులు, బయటికి ఒకటే దారి. వరదొస్తే ఏమవుతుందో ఏడేళ్లవాడికి కూడా అర్థమైపోయింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీళ్లు తర్వాత ఇటే వచ్చాయి. లంక గ్రామాల రోడ్లు మునిగాయి. ఇక్కడ నీళ్లు చూడ్డానికి నిశ్చలంగా ఉంటాయి గానీ ఎప్పుడూ ఎక్కడికో పోయే ప్రయత్నంలోనే ఉంటాయి.

ముందు డాబా మీద

చిన్నపిల్లలతో నేరుగా గట్టు మీదికి పోకుండా మొదటి రాత్రి డాబా మీద గడిపాం. అక్క పెట్టిన షరతు అది. మంచి షరతు. టెంట్ ఎలా వేయాలో, జిప్పు ఎలా తీయాలో, అర్ధరాత్రి బాత్రూమ్ వస్తే ఎవర్ని లేపాలో, అన్నీ ఇంటి పైనే రిహార్సల్ అయిపోయాయి. పిల్లలు భయపడితే మెట్లు దిగితే చాలు, మంచం ఉంది.

చిన్నది పదిన్నరకి ఒకసారి దిగిపోయింది. పావుగంటలో మళ్లీ తలగడ పట్టుకుని పైకొచ్చింది. పెద్దమ్మ నవ్వి, "మా చిన్నప్పుడు దీనికి టెంట్ అనే పేరు లేదురా" అంది. కళ్లంలో వడ్లు కాపలా కాయడానికి తాతయ్య వెళ్తుంటే పిల్లలంతా వెంటపడేవారట. కుప్ప పక్కన గడ్డి పరుచుకుని, దుప్పటి ముసుగేసుకుని పడుకునేవారట. కార్తీకమాసంలో వనభోజనాలు, ఎండాకాలం డాబా మీద నిద్ర, పొలంలో మంచె. మన ఇళ్లల్లో ఆరుబయట పడుకోవడం ఒకప్పుడు పని, ఒకప్పుడు పండగ. ఇప్పుడు దాన్ని బ్యాగులో పెట్టి అమ్ముతున్నారు, అంతే తేడా.

గట్టు మీద

రెండో సాయంత్రం చెరువు దగ్గరికి వెళ్లాం. ట్రాక్టరు పోయేంత వెడల్పున్న గట్టు, దాని మీద కాపలా పాక, పక్కన మేత బస్తాల గది, ఒక చిన్న పడవ. చెరువులో అక్కడక్కడా వెదురు గెడలు పాతి ఉన్నాయి. వాటికి చిల్లులున్న సంచులు కడతారు. పడవ మీద వెళ్లి ఆ సంచుల్లో తవుడు, చెక్క నింపుతారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మేత పీక్కుని తింటాయి. అంటే నీళ్లలో వేలాడదీసిన టిఫిన్ బాక్సులు. పెద్దోడికి ఈ పోలిక తెగ నచ్చింది. చెరువులో ఉన్నవి శీలావతి, బొచ్చె. ఇవి పెరిగాక ఐసులో సర్దుకుని లారీల్లో కలకత్తా వైపు, అస్సాం వైపు పోతాయి. మండవల్లి వాడి చేప బెంగాలీ వాడి పులుసులో తేలుతుంది.

టెంట్ ఎక్కడ వేయాలో కాపలా ఉండే బాబాయే చెప్పాడు. ముప్పై ఏళ్లుగా గట్ల మీదే ఉన్న మనిషి. మేం కొబ్బరిచెట్టు కింద నీడ బాగుందని చూస్తుంటే, "కాయ పడితే తల పగులుద్దండి" అన్నాడు. మేత గది పక్కన చదునుగా ఉందంటే, "మేతకి ఎలకలొస్తాయి, ఎలకలకి పాములొస్తాయి" అన్నాడు. చివరికి పాకకి ఇటువైపు, గడ్డి కోసేసిన చోట, టెంట్ తలుపు నీళ్ల వైపు కాకుండా గట్టు వైపు వచ్చేలా వేయించాడు. నిద్రమత్తులో లేచిన పిల్ల ఎటు అడుగేస్తుందో ముందే ఆలోచించిన మనిషి.

పాముల సంగతి చెప్పుకోవాలి. డెల్టాలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ ఉంటాయి. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లకి ఎక్కువ ప్రమాదం కట్లపాముతో. అది కాటేసినా పెద్దగా నొప్పి, వాపు ఉండకపోవచ్చు, అందుకే ఏదో పురుగు కుట్టిందనుకుని మళ్లీ పడుకుంటారు. దీనికి మంచి రక్షణ ఏంటో తెలుసా? దోమతెర. అంచులు పరుపు కిందకి గట్టిగా దోపిన మామూలు దోమతెర. టెంట్ జిప్పు పూర్తిగా వేసి ఉన్నా అదే పని చేస్తుంది. సగం తీసి ఉంచితే ఏ పనీ చేయదు. బయటికి వెళ్లాలంటే టార్చి, కాళ్లకి బూట్లు. బూట్లు వేసుకునే ముందు దులపాలి. కాటు పడిందని అనుమానం వచ్చినా కోయడం, కట్టు బిగించడం, నాటుమందు ఏవీ వద్దు. మనిషిని కదలనీయకుండా, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ప్రభుత్వాసుపత్రికి చేర్చడమే.

ఇంకొకటి నిప్పు. చలిగా ఉందని బొగ్గుల కుంపటి టెంట్‌లోకి తీసుకెళ్లకూడదు. మూసిన టెంట్‌లో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. మేం మంట బయటే వేశాం, పడుకునే ముందు నీళ్లు పోసి ఆర్పేశాం. దుప్పట్లు రెండు ఎక్కువ తెచ్చుకుంటే సరిపోయింది.

మువ్వల చప్పుడు

కానీ గట్టు మీద అసలు భయం పాము కాదు. నీళ్లు.

చేపల చెరువు ఈత కొలను లాంటిది కాదు. ఒడ్డు నెమ్మదిగా లోతవదు. గట్టు ఏటవాలుగా దిగి, జారే బంకమట్టి దాటగానే పిల్లల తల మునిగేంత లోతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలకి కారణాల్లో ఇది నాలుగోది. పైగా సినిమాల్లో చూపించినట్టు కేకలు, చేతులు ఊపడం ఉండదు. ఊపిరి అందని పిల్ల అరవలేదు. పక్కనే పదిమంది మాట్లాడుకుంటుండగానే చప్పుడు లేకుండా జరిగిపోతుంది.

మేం చేయగలిగినవన్నీ చేశాం. పిల్లలిద్దరికీ లైఫ్ జాకెట్లు. పాక చుట్టూ తాడు కట్టి, తాడు దాటితే మర్నాడు పడవ లేదని చెప్పాం. ఎవరి మెడలో విజిల్ ఉంటే ఆ టైమ్‌లో పిల్లల్ని చూసే డ్యూటీ వాళ్లదే. డ్యూటీలో ఉన్నవాళ్లు ఫోన్ పక్కన పెట్టాలి. మా ఆఫీసులో ఆన్-కాల్ షిఫ్టులు ఎలా ఉంటాయో అలాగే రాత్రికి బావ, అన్నయ్య, నేను రెండేసి గంటలు పంచుకున్నాం. "అందరం చూస్తున్నాం కదా" అంటే ఎవరూ చూడట్లేదని అర్థం. ఒకరి పేరు మీద ఉంటేనే పని జరుగుతుంది.

ఇదంతా చూసి కాపలా బాబాయ్ భార్య ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి, ఒక నల్లదారానికి గుచ్చిన మువ్వలు తెచ్చింది. వంగి చిన్నదాని కాలికి కట్టింది. "మా పిల్లలు ముగ్గురూ ఈ గట్టు మీదే పెరిగారమ్మా. నేను పొయ్యి దగ్గర ఉన్నా మువ్వల చప్పుడు వినపడేది. చప్పుడు ఆగితే గరిటె వదిలేసి పరిగెత్తేదాన్ని" అంది మా అక్కతో.

అక్క ఆ మాటకి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "ఎప్పుడైనా ఆగిందా పిన్నిగారూ?"

"ఆగిందమ్మా. రెండుసార్లు. ఒకసారి నిద్రపోయాడు. ఇంకోసారి..." అని చెరువు వైపు చూసింది. "దేవుడి దయ. జుట్టు చేతికందింది."

సెలవుల్లో ఒక్క రాత్రి సరదాకి వచ్చిన మాకు తాడు, జాకెట్లు, విజిల్ ఉన్నాయి. ఏడాది పొడుగునా నీళ్ల పక్కనే బతికే కాపలా కుటుంబాల పిల్లలకి ఉన్నది ఒక నల్లదారం, నాలుగు మువ్వలు, పొయ్యి దగ్గర చెవులు రిక్కించుకున్న తల్లి. చెరువు లీజుకి తీసుకునే ప్రతి ఒక్కరూ మోటారుకి, మేతకి, మందులకి లెక్కలు వేస్తారు. పాక చుట్టూ మొలలోతు కంచెకి అయ్యే ఖర్చు ఆ లెక్కలో కనపడను కూడా కనపడదు. ఆ రాత్రే అన్నయ్యతో ఈ మాట అన్నాను. "వలకంచె నాలుగు పక్కలా కట్టిద్దాంరా, సంక్రాంతి లోపల" అన్నాడు. ఫిబ్రవరిలో ఫోటో పంపాడు. నెల ఆలస్యమైనా కంచె మాత్రం కట్టాడు.

తెల్లారకముందు

తెల్లవారుజామున నాలుగున్నరకి బాబాయ్ లేచి చెరువు మీద టార్చి వేశాడు. పెద్దోడు అప్పటికే లేచి కూర్చున్నాడు.

"ఏం చూస్తున్నావ్ తాతా?"

"చేపలు తేలతన్నాయేమోనని."

రాత్రంతా నీళ్లలోని నాచు, చేపలు అన్నీ ఆక్సిజన్ వాడుకుంటాయి. ఎండ లేదు కాబట్టి కొత్తగా తయారవదు. అందుకని సూర్యోదయానికి ముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంటుంది. మరీ తగ్గిపోతే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ టైమ్‌లో పట్టించుకోకపోతే తెల్లారేసరికి చెరువంతా చచ్చిన చేపలే. లక్షల పెట్టుబడి పోతుంది. అందుకే ఊరంతా గాఢనిద్రలో ఉన్నప్పుడు కాపలా మనిషి లేస్తాడు. స్కూల్లో కిరణజన్య సంయోగక్రియ అని చదివిన పాఠం ఇదే. పుస్తకంలో ఆకు బొమ్మ వేస్తారు, ఇక్కడ ఒక మనిషి నిద్ర పోతుంది.

ఆరోజు చేపలు తేలలేదు. మంచు పట్టింది. ఎదుటి గట్టు కనపడలేదు. గెడలు మాత్రం నీళ్లలోంచి మొలిచినట్టు నిలబడ్డాయి. చుక్కలు పోతున్నాయి. చిన్నది లేచి వచ్చి అక్క ఒళ్లో కూర్చుంది, మువ్వలు ఒకసారి మోగాయి. బాబాయ్ భార్య అల్లం టీ ఇచ్చింది. చెప్పడానికి పెద్దగా ఏమీ జరగలేదు. కానీ ఆ అరగంటలో ఎవరూ ఫోన్ తీయలేదు.

గూడబాతు ఎవరిది?

తొమ్మిదింటికి ఆటపాక వెళ్లాం. కైకలూరు పక్కనే ఉన్న పక్షుల కేంద్రం. అటవీశాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు కట్టింది, వాటి మీద గూడబాతులు గూళ్లు పెట్టుకుంటాయి. పిల్లలు పెద్దవై తల్లి నోటి సంచిలోకి తలదూర్చి చేప లాక్కుంటుంటే మా చిన్నది చప్పట్లు కొట్టింది. పక్కనే ఎర్రకాళ్ల కొంగలు, కాస్త దూరంలో రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు.

"ఇవి సైబీరియా నుంచి వచ్చాయంట" అని పక్క కుటుంబం వాళ్లు పిల్లలకి చెప్తున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి ఇక్కడ గూళ్లు పెట్టే గూడబాతు మన దక్షిణాసియా పక్షే. నీళ్లు, చేపలు, గూటికి నిబ్బరమైన చోటు వెతుక్కుంటూ ఈ ప్రాంతాల్లోనే తిరుగుతుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు, తిరుపతి జిల్లా నేలపట్టు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం కూడా దాని పుట్టిళ్లే. దూరం నుంచి వచ్చిన చుట్టం అని కాదు, మన ఊరిదే అని చెప్తే పిల్లలకి ఇంకా దగ్గరవుతుంది.

ముందురోజు సాయంత్రం బాబాయ్ ఇవే పక్షుల్ని డబ్బా కొట్టి తోలడం పెద్దోడు చూశాడు. ఇప్పుడు అడిగాడు, "మావయ్యా, ఇక్కడేమో టికెట్ కొని చూస్తున్నాం. అక్కడ తాత ఎందుకు తరిమేస్తున్నాడు?"

దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. సరస్సు నిండుగా ఉన్నప్పుడు పక్షికి సరస్సులోనే చేప దొరికేది. సరస్సులోకి చేపల చెరువులు చొచ్చుకొచ్చాయి. 2006 ప్రాంతంలో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ప్రభుత్వం అభయారణ్యంలోని చెరువు గట్లని పేలుడు పదార్థాలతో కూల్చింది. దాంతో కొందరి బతుకుతెరువు పోయింది. తర్వాత మళ్లీ గట్లు లేచాయి. పక్షికి ఆకలి, బాబాయ్‌కి జీతం, అన్నయ్యకి అప్పు. చెరువులు రాకముందు కొల్లేటి ఒడ్డున బాల్యం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే అక్కినేని కుటుంబరావు గారి 'కొల్లేటి జాడలు' నవల చదవండి.

పెద్దోడికి ఇంత చెప్పలేదు. "తాత చెరువులో చేప తాతది. కొల్లేరులో చేప పక్షిది. ఏది ఎక్కడ మొదలవుతుందో పెద్దవాళ్లకే ఇంకా తేలలేదు" అన్నాను. వాడు కాసేపాగి, "గీత గీశారన్నారుగా, పళ్లెంలో?" అన్నాడు.

వెళ్లేవాళ్లకి

నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం. పక్షులూ ఉంటాయి, వానలూ తక్కువే. హైదరాబాద్ నుంచి నరసాపురం వైపు వెళ్లే రైలెక్కితే గుడివాడలో గానీ కైకలూరులో గానీ దిగి, బస్సులోనో ఆటోలోనో మండవల్లి చేరొచ్చు. ఆటపాకలో పడవ షికారు ఉంటుంది, టైమింగ్స్ ముందే కనుక్కోండి. ఫాల్గుణమాసంలో వస్తే కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర కూడా చూడొచ్చు.

తెలిసినవాళ్ల చెరువు ఉంటేనే గట్టు మీద ఉండండి, చెప్పకుండా ఎవరి గట్టూ ఎక్కకండి. రాత్రి టార్చి కనపడితే దొంగలనుకుంటారు. మోటారు స్టార్టర్ బాక్సు దగ్గరికి తడి చేతులతో పిల్లల్ని వెళ్లనీయకండి. తాగడానికి టిన్ను నీళ్లు తీసుకెళ్లండి. చుట్టూ ఇన్ని నీళ్లున్నా ఇక్కడ చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. ప్లాస్టిక్ కవర్లు చెరువులో వదలకండి. దోమతెర, బూట్లు, లైఫ్ జాకెట్లు, విజిల్, రెండు దుప్పట్లు ఎక్కువ.

పిల్లలు మరీ చిన్నవాళ్లయితే డాబా చాలు, అదీ క్యాంపింగే. ఏదైనా చెరువు మీద కాపలా కుటుంబం, వాళ్ల పిల్లలు కనపడితే మాత్రం పాక చుట్టూ కంచె ఉందో లేదో ఒకసారి చూడండి. లేకపోతే ఆ చెరువు ఎవరిదో కనుక్కుని ఒక మాట చెప్పండి. లీజుదారు మీ చుట్టమే అయితే ఇంకా మంచిది, గట్టిగా చెప్పొచ్చు.